ఆకుకు పెట్టిన మంట

మా షాజాదికి ఏడో నెల నిండీ నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. అరవై రెండో సంవత్సరం, ఓట్ల ఏడాది. పుష్యమాసపు చలి మట్టిగోడల్లోంచి కూడా దూరి వచ్చే రోజులు. తొలి కాన్పు కదా అని అల్లుడు పీరు దాచేపల్లి నుంచి తీసుకొచ్చి మా ఇంట్లో దింపి వెళ్ళి పట్టుమని వారం కాలేదు. బస్సు కుదుపే చేసిందో, నీళ్ళ బిందె ఎత్తిందో, ఎవరి కన్ను పడిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెల్లారుతుండగా "అమ్మా" అని ఒక్క కేక వేసింది. పొద్దెక్కేసరికి మంత్రసాని రసూల్‌బీ నా దోసిట్లో పిల్లను పెట్టింది.

దోసిలి నిండలేదు. కళ్ళు తెరవని ఎలుకపిల్లలా ఎర్రగా ఉంది. గోళ్ళు సరిగా రాలేదు. చెవులు తలకు అతుక్కుని ఉన్నాయి. ఏడుపు కూడా కాదు, పిల్లికూన మూలిగినట్టు ఒక మూలుగు.

"ఆడపిల్ల," అంది రసూల్‌బీ. "నసీమా, దీనికి నీళ్ళు పొయ్యమాక. గుడ్డలో చుట్టి పక్కన పెట్టు. తల్లిని చూసుకో. తల్లి దక్కితే అదే పదివేలు."

ఆ మాటకు అర్థం తెలియని ఆడది మా ఊళ్ళో లేదు.

నా మొగుడు బుడాన్ గడప అవతలే నిలబడి ఉన్నాడు. ఆడా మగా అని అడగలేదు. లోపలికొచ్చి చూపుడువేలి కొసతో పిల్ల పాదం ముట్టుకున్నాడు.

"చల్లగా ఉందేమే," అన్నాడు.

మేం దూదేకులవాళ్ళం. పరుపులు కుట్టి, దూది ఏకి బతికిన వంశం. కానీ ప్రత్తిపాడు చుట్టుపక్కల నా మొగుడికి పేరొచ్చింది దూదితో కాదు, పొగాకుతో. ఏటా చలికాలం మా ఊరి రైతు ఆదెయ్యగారి బ్యారన్లు రెండూ కాల్చేది ఆయనే. బ్యారన్ అంటే మూడు నిలువులెత్తు గోడలున్న గది. లోపల అంతస్తులుగా కర్రలు, కర్రల నిండా వేలాడే పచ్చాకు. పొయ్యి బయట ఉంటుంది. దాని వేడి రేకు గొట్టాల్లో లోపలంతా తిరిగి, పొగ మాత్రం పైకి పోతుంది. మొదట్లో ఒంటి వెచ్చదనమంత వేడి చాలు, ఆకు పచ్చ నుంచి పసుపుకు తిరగడానికి. ఆ తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి, చివరికి ఈనె కూడా ఎండి పెళుసెక్కేదాకా. తొందరపడితే ఆకు పచ్చగానే బిగిసిపోతుంది. బద్ధకిస్తే నల్లమచ్చలు పడుతుంది. గోడకున్న గాజుబిళ్ళలోంచి లోపలి తెర్మామీటరు చూడటం, కట్టె ఎగదొయ్యడం, పైకిటికీ అంగుళం తెరవడం, మళ్ళీ మూయడం. ఆ సీజనంతా ఆయన తిండీ నిద్రా అక్కడే.

ఆ పూట మాత్రం పొయ్యి దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి వచ్చాడు. అటక మీది దూదేకే విల్లు దించి, గింజ తీసిన కొత్త పత్తి తెచ్చి, కూర్చుని ఏకాడు. ఊదితే ఎగిరిపోయేంత మెత్తగా ఏకాడు. ఆ దూదిలో పిల్లను ముక్కు మాత్రం బయటికి ఉంచి చుట్టాం. మసీదు పెద్దాయన వచ్చి చెవిలో బాంగు చెప్పాడు. గుంటూరు మస్తాను దర్గాకు మొక్కుకుని మస్తాన్‌బీ అని పేరు పెట్టాం. ఆ పేరు మొయ్యడానికి కూడా చాలని పిల్ల.

గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోదామంటే ఆ చలిగాలికి బస్సులో దారి సగమయ్యేలోపే పోతుందని రసూల్‌బీ అడ్డం పడింది. షాజాది రొమ్ముకు ఆనించి పడుకోబెడదామంటే షాజాదికి చలిజ్వరం. తనే వణుకుతోంది. కుంపటి పెడితే పొగ, తీసేస్తే చలి. మూడోనాటి తెల్లవారుజామున దూది విప్పి చూస్తే పిల్ల పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగి ఉన్నాయి. నా రవికె విప్పి లోపల పెట్టుకుని, అరిచేత్తో వీపు రుద్దుతూ కూర్చున్నాను. చాలాసేపటికి మూలిగింది. బుడాన్ ఎదురుగా గొంతుక్కూచుని అంతా చూశాడు. లేచి బ్యారన్‌కు వెళ్ళిపోయాడు.

నేను సద్ది తీసుకుని వెళ్ళేసరికి ఆయన ఆదెయ్యగారి ముందు నిలబడి ఉన్నాడు. ఆదెయ్యగారు బిగ్గరగా మాట్లాడే మనిషి. మంచి మాట చెప్పినా తిట్టినట్టే ఉండేది.

"రెండు బ్యారన్ల మధ్య కర్రలు పెట్టుకునే కొట్టు ఉందిగా అయ్యా. అది మాకిప్పించండి," అంటున్నాడు బుడాన్.

"దేనికిరా?"

"పిల్లని పెట్టుకోటానికి."

"నీకేమన్నా పిచ్చెక్కిందా? ఆకు ఘాటుకి పెద్దోళ్ళకే తల తిరుగుద్ది. పురిటికందుని తెచ్చి ఆడ పెడతావా?"

"కొట్టుకి తలుపు వేరే కదయ్యా. లోపలి ఘాటు ఇవతలికి రాదు. గోడ మాత్రం వెచ్చగుంటది. ఆకు పసుపు తిరిగేటప్పుడు ఆ గోడని ముట్టుకుని చూశారా ఎప్పుడన్నా? మనిషి ఒళ్ళులాగుంటది."

ఆదెయ్యగారు నావైపు చూశారు. నా పైట మీద ఏం మరక చూశారో, పిల్ల కక్కిన పాలో చీమిడో, కళ్ళు తిప్పుకున్నారు.

"ఎంతుండాలి దానికి వేడి?"

"రసూల్‌బీకి డిగ్రీలు తెలీవయ్యా. తల్లి కడుపులో ఎంతుంటదో అంత అంది."

ఆదెయ్యగారు ఇంట్లోకి కేకేసి పాత తెర్మామీటరు ఒకటి తెప్పించారు. "ఇదుగో. కింద పడేస్తే పగిలిద్ది. ఒరేయ్ బుడానూ, ఒక్కమాట చెప్తన్నా ఇను. పిల్ల సంగతి పిల్లదే, ఆకు సంగతి ఆకుదే. నా ఆకు పాడయిందా, నేను మంచోణ్ణి కాదు."

"ఒక్క ఆకు పాడవదయ్యా," అన్నాడు బుడాన్.

ఆ సాయంత్రమే కొట్టు ఖాళీ చేశాం. అలికి, సున్నం కొట్టి, దూలానికి వెదురుగంప ఉయ్యాలలా వేలాడదీసి, అందులో దూది పరిచి పిల్లను పడుకోబెట్టాం. గంప పక్కనే తెర్మామీటరు. నాకూ షాజాదికీ అంకెలు రావు. బుడాన్ దాని చెక్క మీద సున్నంతో రెండు చుక్కలు పెట్టాడు.

"పాదరసం ఈ రెంటి మధ్యలో ఉండాలి. కింది చుక్క దిగిందా, నన్ను కేకెయ్యండి. పైచుక్క దాటిందా, తలుపు తెరిచి గోతం తడిపి గోడకెయ్యండి. ఏమే, అర్థమైందా?"

"అయింది."

"అర్థమైంది అనటం కాదు. చూస్తా ఉండాలి. కంటి మీద కునుకు రాకూడదు."

ఇద్దరం వంతులు వేసుకుని చూశాం. ఆకు పసుపు తిరిగేటప్పుడు గోడ ఆయన చెప్పినట్టే ఒళ్ళులా వెచ్చగా ఉండేది. మంట పెంచాక అదే గోడ చెయ్యి పెట్టలేనంతగా కాలేది. అప్పుడు గంపను రెండో బ్యారన్ గోడవైపు జరిపేవాళ్ళం. ఒకటి చల్లారేనాటికి రెండోది రాజుకుని ఉండాలి. ఆ లెక్క కుదరాలంటే చేలో ఆకు కోత కూడా ఆ వరసలోనే సాగాలి. బుడాన్ అడిగింది లేదు. ఆదెయ్యగారే కూలీలతో "ఈ మడి ఇవాళొద్దు, ఎల్లుండి కొయ్యండి" అనడం నేను విన్నాను. ఎందుకని ఎవరో అడిగితే, "నా చేను, నా ఇష్టం," అన్నారు.

పిల్లకు చీకే బలం లేదు. షాజాది పాలు గిన్నెలోకి పిండితే, దూదివత్తి అందులో ముంచి పెదాల మీద ఆనించేదాన్ని. చుక్క లోపలికి పోయేది. ఇంకో చుక్క. ఒక గిన్నె పాలు పట్టడానికి పూటంతా పట్టేది. అయితే ఏం, నాలుగు రోజులకు పెదాల నలుపు పోయింది. వారం దాటాక మూలుగు కాస్తా ఏడుపులా మారింది.

"అమ్మా, ఇటు రా," అని పిలిచింది షాజాది ఒకరోజు. జ్వరం తగ్గి మొహంలోకి నెత్తురు వచ్చింది. "నా వేలు పట్టుకుంది చూడు. వదలట్లేదు."

పట్టుకునే ఉంది. వడ్లగింజంత వేళ్ళు. మేమిద్దరం అలాగే చూస్తూ నిలబడ్డాం.

కర్రలకు ఆకు కట్టడానికి వచ్చే ఆడవాళ్ళు పనికి ముందు ఒకసారి కొట్టు తలుపు దగ్గర తొంగిచూసేవాళ్ళు. కొందరు "బతికే ఉందా?" అని అడిగేవాళ్ళు. వాళ్ళలో కోటిరత్నం మాత్రం "లేచిందా?" అని అడిగేది. ఒకనాడు ఓట్ల జీపు మైకు పెట్టుకుని బ్యారన్ల ముందుకొచ్చి ఆగింది. మైకు అరుపుకు పిల్ల ఉలిక్కిపడి నీలుక్కుపోయింది. ఆదెయ్యగారు పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చారు.

"ఆపరా ఆ మైకు! పసిబిడ్డుంది లోపల. ఆపకపోతే మా వీధి ఓటు ఒక్కటి పడదు మీకు!"

జీపు నోరు మూసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు మేం నవ్వాం. బుడాన్ కూడా పొయ్యి ముందు కూర్చుని నవ్వాడు.

పీరు ఆ ఆదివారం వచ్చాడు. దాచేపల్లి సున్నపురాయి క్వారీలో పని, ఎంత తోమినా తెల్లదుమ్ము కనుబొమల్లో ఉండిపోయేది. గంప మీదకు వంగి చూశాడు. ముట్టుకోవడానికి చెయ్యి చాపి, తన అరిచెయ్యి ఒకసారి చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. బయటికొచ్చి పొయ్యి దగ్గర మామ పక్కన కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళిట్టా మామా?"

"ఎండలు ముదిరేదాకా. ఫాల్గుణం దాటిందంటే ఊరు ఊరంతా బ్యారనే అయిద్ది. అప్పుడిక దానికి నా మంటతో పనేముంది?"

"మా క్వారీ కాంపౌండర్ని అడిగా. ఇంత ముందు పుట్టినయి నిలవవన్నాడు."

"నిలవకపోతే ఇన్నాళ్ళుంటదా?"

పీరు ఒక పుల్ల మంటలోకి తోశాడు. "నేననేది అది కాదు మామా. షాజాది దాని మీద పూర్తిగా ఆశ పెట్టేసుకుంది. రేపేమన్నా అయితే ఆ మనిషి తట్టుకోలేదు. నా భయం అది."

షాజాది తలుపు దగ్గర నిలబడి విన్నది. "నువ్వెళ్ళు," అంది మొగుడితో. "ఇక్కడ కూచుని దాని చావు గురించి మాట్టాడమాక. వెళ్ళు."

అతను ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. వెళ్తూ నాతో, "అత్తా, ఆమెకింత అన్నం పెట్టు," అన్నాడు.

మాఘమాసంలో ముసురు పట్టింది. మా వైపు ఆ రోజుల్లో వాన పడటం ఎప్పుడోగాని జరగదు. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు తడిసి బూజు పట్టాయి. విచ్చిన పత్తి చెట్టు మీదే నల్లబడింది. పొగాకు చేలోకి మనిషి దిగితే మోకాటిదాకా నల్లరేగడి బురద. ఆకు మీది జిగురంతా వానకు కడుక్కుపోయింది. కోత ఆగిపోయింది. అప్పటికే పొయ్యి మీదున్న రెండు బ్యారన్లూ ఒకదాని వెనక ఒకటి కాల్చడం అయిపోయింది. కొత్తగా ఎక్కించడానికి ఆకు లేదు.

గోడలు చల్లారడం మొదలైంది. పాదరసం కింది చుక్క వైపు దిగుతోంది.

ఆదెయ్యగారు నెత్తిన గోతం కప్పుకుని వచ్చారు. బుడాన్ ఖాళీ బ్యారన్ పొయ్యిలో కట్టె పెడుతున్నాడు.

"ఖాళీ బ్యారన్ కాలుస్తన్నావంట్రా?"

"పిల్లకయ్యా."

ఆయన తిడతారనుకున్నాను. తిట్టలేదు. చూరు కింద కూర్చున్నారు. వాన వైపు చూసి, కట్టెల కుప్ప వైపు తల తిప్పారు.

"బుడానూ, ఆరిన కట్టె ఎంతుందో చూశావా?"

"చూశానయ్యా. రెండు కాల్పులకొస్తది."

"మిగతాదంతా తడిసిపోయింది. వాన తెరిపిచ్చిన మర్నాడే ఆకు కొయ్యాలి. కొయ్యకపోతే చెట్టు మీదే కుళ్ళుద్ది. కోశాక కాల్చటానికి కట్టె లేకపోతే ఏం చెయ్యను? ఆ చేను తప్ప నాకింకేం లేదురా. మిరప పోయింది. పత్తి పోయింది."

"తెలుసయ్యా."

"నేను వద్దనట్లేదు. వద్దనటానికి నోరు రావట్లేదు. నువ్వే చెప్పు."

బుడాన్ పొయ్యిలోంచి పెద్ద మొద్దు ఒకటి బయటికి లాగి నీళ్ళు చల్లాడు. "మొద్దులు ముట్టుకోనయ్యా. పత్తికట్టె వేసుకుంటా," అన్నాడు.

పత్తికట్టె మా ఇంటి వెనకా, ఇరుగుపొరుగు చూళ్ళ కిందా మోపులు మోపులుగా ఉంది. నేనూ కోటిరత్నం తడుస్తూ మోశాం. కానీ పత్తికట్టె మంటకు నిలకడ ఉండదు. భగ్గున లేస్తుంది, చూస్తుండగానే బూడిదవుతుంది. మొద్దు కట్టెతో వేడిని ఒక గీత మీద నిలబెట్టగల మనిషికి పత్తికట్టె లొంగలేదు. ఎక్కువ వేస్తే పాదరసం పైచుక్క దాటి పరిగెత్తేది. తలుపు తెరిస్తే చలిగాలి ఒక్కసారిగా కొట్టి కింది చుక్క దాటి పడిపోయేది. ఒక పూట పిల్ల ఒళ్ళు సెగలు కక్కేది. ఇంకో పూట పాదాలు మంచులా ఉండేవి. షాజాది లోపలి నుంచి "నాయనా, దిగింది!" అని అరిచేది. మరుక్షణం "నాయనా, ఎక్కింది!" అనేది. ఆయన పొయ్యి దగ్గరి నుంచి కిటికీకి, కిటికీ నుంచి పొయ్యికి పరిగెత్తేవాడు. కళ్ళు పొగకు చింతనిప్పుల్లా అయిపోయాయి.

ఒకసారి నేను పక్కన కట్టె దించుతుంటే, "నసీమా, నా చేతుల్లో లేదే ఇది," అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ మాట ఆయన నోట వినలేదు.

ముసురు ఉన్నన్నాళ్ళూ పిల్ల పాలు తగ్గిస్తూ వచ్చింది. వత్తి ఆనిస్తే పెదాలు కదిపేది కాదు. రసూల్‌బీ వచ్చి పొట్ట నొక్కి చూసి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఒక ఉదయం లేచి చూస్తే ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎండ కాసింది. ఊరంతా చేల మీద పడింది. మూడో రోజుకు మొదటి బ్యారన్ నిండా ఆకు ఎక్కించారు. బుడాన్ ఆరిన మొద్దులు పేర్చి పొయ్యి వెలిగించాడు. తెల్లారేసరికి గోడ ఎలా ఉండాలో అలా అయింది. పాదరసం రెండు చుక్కల నడిమధ్యకు వచ్చి కదలకుండా నిలబడింది. షాజాది దాన్ని చూసి, ఎన్నో రోజుల తర్వాత గోడకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుంది. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.

మధ్యాహ్నమైంది. బయట పందిరి కింద ఆడవాళ్ళు రెండో బ్యారన్‌కు ఆకు కడుతూ గలగలా మాట్లాడుకుంటున్నారు. ఎవరో కొత్త పెళ్ళికూతుర్ని ఏడిపిస్తున్నారు. నేను గిన్నెలో వత్తి ముంచి పిల్ల పెదాలకు ఆనించాను. పాలచుక్క లోపలికి పోలేదు. పెదవి పక్కనుంచి జారి దూదిలోకి ఇంకింది. ఇంకో చుక్క వేశాను. అదీ జారింది.

నేను తెర్మామీటరు వైపు చూశాను. సరిగ్గా నడిమధ్యన ఉంది.

తలుపు దగ్గరికి వెళ్ళి, గట్టిగా పిలవకుండా, "ఇదుగో, ఒకసారి రా," అన్నాను. ఆయన వచ్చాడు. అలవాటు కొద్దీ ముందు తెర్మామీటరే చూశాడు.

"సరిగ్గానే ఉందిగా," అన్నాడు. ఆ తర్వాత నా మొహం చూశాడు. గంపలోకి వంగి పిల్ల పాదం వేలితో ముట్టుకున్నాడు. వేలు అక్కడే ఉంచేశాడు. పాదం వెచ్చగానే ఉంది. ఆ గదిలో అన్నీ వెచ్చగానే ఉన్నాయి. అందుకే ఎప్పుడు పోయిందో కూడా మాకు తెలియలేదు.

షాజాది కళ్ళు తెరిచింది. మా ఇద్దర్నీ చూసింది. లేచి రాలేదు. అడగలేదు. బయట ఆడవాళ్ళ నవ్వులు అప్పుడే తెలిసినట్టు ఒక్కసారిగా ఆగిపోయాయి. తలుపు దగ్గర కోటిరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"నాయనా," అంది షాజాది. గొంతు మామూలుగానే ఉంది. "ఇంక మంట ఆర్పెయ్యి."

బుడాన్ కూతురి వైపు చూశాడు.

"లోపల ఆకుందమ్మా," అన్నాడు.

షాజాది గోడ వైపు తిరిగి చూసింది. తర్వాత తన వీపును ఆ గోడ నుంచి ఎడంగా జరుపుకుని కూర్చుంది.

ఆదెయ్యగారు చేలోంచి వచ్చి, "వెళ్ళరా, మంట నేను చూస్తా," అన్నారు. మావాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. ఏకిన దూదిలోనే చుట్టి, పైన తెల్లగుడ్డ కప్పి, బుడాన్ తన రెండు చేతుల మీదే తీసుకెళ్ళాడు. మోయడానికి ఇంకొకరి సాయం అక్కరలేని బరువు. నేను షాజాదిని ఇంటికి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాను. పడుకుంది. గోడ వైపు తిరగలేదు, నా వైపూ తిరగలేదు. కప్పు చూస్తూ ఉండిపోయింది.

పొద్దు వాలేవేళకు ఆయన ఇంటికి రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. సమాధుల దొడ్డి నుంచి నేరుగా బ్యారన్‌కే వెళ్ళాడు. మోకాళ్ళకు మట్టి ఇంకా ఉంది. ఆదెయ్యగారు పొయ్యి ముందు చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నారు.

"నువ్వు రాకూడదనే అనుకున్నానురా. కానీ ఎంత పెంచాలో, ఎప్పుడు పెంచాలో నాకు తెలీటం లేదు. రంగు తిరుగుతుంది. చూడు," అన్నారు.

బుడాన్ గాజుబిళ్ళలోంచి చూశాడు. రెండు మొద్దులు లోపలికి తోశాడు. నిచ్చెనెక్కి పైకిటికీ అంగుళం తెరిచాడు. ఆదెయ్యగారు అక్కడి నుంచి వెళ్ళిపోలేదు. కాసేపటికి కొట్టులోకి వెళ్ళి, వెదురుగంపను దూలం మీద నుంచి తనే విప్పి తెచ్చి, ఎవరికీ కనిపించకుండా దొడ్డి వెనక పెట్టారు.

నాకు కోపం రాలేదని అనను. ఇంటికొచ్చి అన్నం వండుతూ, పొయ్యిలో పుల్లలు విరిచి విరిచి పెట్టాను. ఆకు కాలిపోతే పోనీ అనిపించింది. మళ్ళీ ఆదెయ్యగారి చేను గుర్తొచ్చింది. ముసురులో చూరు కింద కూర్చుని "నువ్వే చెప్పు" అన్న మాట గుర్తొచ్చింది. కోపం ఎవరి మీద నిలపాలో తెలియక, అది నాలోనే ఉండిపోయింది.

ఆ బ్యారన్ ఆకు బంగారం రంగున దిగింది. వానకు తడిసిన ఆకు అంత రంగు రావడం తామెరగమని కొనడానికి వచ్చినవాళ్ళు అన్నారు. ఆదెయ్యగారు ఆ మాట బుడాన్‌కు చెప్పకుండా ఉండాల్సింది. సంతోషపెడదామని చెప్పారు. ఆయన తలూపి, తువ్వాలు దులుపుకుని, రెండో బ్యారన్ పొయ్యి చూడటానికి వెళ్ళాడు.

పీరు లారీ వాళ్ళ ద్వారా కబురు తెలిసి, పిల్ల పోయిన మర్నాడే వచ్చాడు. పదోనాటి ఫాతిహా అయ్యేదాకా మాతోనే ఉన్నాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. షాజాది నాతో మాట్లాడేది. "ఉప్పెక్కువైంది", "నీళ్ళు కాగినయ్యి", అలాంటి మాటలు. తండ్రితో మాట్లాడేది కాదు. ఆయన ఇంట్లోకి వస్తే లేచి దొడ్లోకి వెళ్ళేది. ఆయనకు అన్నం పెట్టాల్సి వస్తే పళ్ళెం గడప దగ్గర పెట్టేది. తిట్టినా ఏడ్చినా ఎదురు చెప్పుకోవచ్చు. ఇలా ఉంటే ఏం చెయ్యాలి?

ఒకరోజు ఆయనే ధైర్యం చేసి, "అమ్మా, ఆ మంట ఆపినా అది రాదు కదే," అన్నాడు.

షాజాది చాటలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. తొడిమలు తీస్తూనే ఉంది. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ముగ్గుర్ని కంది. ముగ్గురూ దాచేపల్లిలోనే పుట్టారు. కాన్పుకు రమ్మని నేను మనిషిని పంపినప్పుడల్లా ఏదో ఒక సాకు వచ్చేది. ఆయన ఏటా చలికాలం బ్యారన్‌కు వెళ్తూనే ఉన్నాడు. ఇంకేం పని వచ్చు ఆయనకు? దూది ఏకడం మాత్రం మానేశాడు. అడిగిన వాళ్ళతో ఛాతీలో నొప్పి అనేవాడు.

అదంతా తర్వాత. ఆ ఫాల్గుణంలో వాళ్ళు వెళ్ళే రోజు నేనూ బుడాన్ బస్సు దాకా వెళ్ళాం. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఆయన రోడ్డుకు ఇవతలే చింతచెట్టు నీడన ఆగిపోయాడు. నేను మూట మోసుకుని బస్సు దాకా వెళ్ళాను. షాజాది ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. వెనక సీట్లో ఎవరిదో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపుకు షాజాది రవికె ముందుభాగం తడిసిపోవడం నాకు కనిపించింది. తను చూసుకోలేదు. పీరు చూసి, భుజం మీది తువ్వాలు తీసి ఆమె మీద కప్పాడు.

"షాజాదీ, నాయన అక్కడ నిలబడ్డాడు," అన్నాను.

తను ముందుకే చూస్తోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సు కదిలి, దుమ్ము లేచి, దుమ్ము అణిగింది.

నేను రోడ్డు దాటి వచ్చేదాకా బుడాన్ కదల్లేదు.

"ఏమన్నా అందా?" అని అడిగాడు.

"ఆఁ. 'నాయనా, వెళ్ళొస్తా' అని చెప్పమంది," అన్నాను.

ఆయన తలూపాడు. ఇద్దరం ఇంటి దారి పట్టాం. నేను అబద్ధం చెప్పానని ఆయనకు తెలుసు.